మరియమ్మ గోడ మీది గుంట

ఇటలీలో రొక్కావెంతో అనే మా కొండ ఊళ్లో చూడదగ్గవి మూడే మూడు: సగం కూలిన కాపలా బురుజు, చౌకులో ఎండిపోయిన బావి, పాలిచ్చే మరియమ్మ చిన్న చర్చి. మొదటి రెండూ ఎవరైనా ఎప్పుడైనా చూసుకోవచ్చు. మూడోది చూడాలంటే మాత్రం ఎర్సీలియా దయ ఉండాలి. చర్చి తలుపుకి అతికించిన కాగితం మీద, "తాళంచెవి కోసం పద్నాలుగో నంబరు ఇంట్లో గంట కొట్టండి" అని రాసి ఉండేది. గంట కొట్టగానే తలుపు తీస్తే ఆవిడ ఎర్సీలియా ఎందుకవుతుంది? ముందు పై కిటికీ తెరుచుకునేది. కింద నిలబడ్డవాళ్లని ఆవిడ తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసేది.

"ఎంతమంది?"

"నలుగురం అమ్మా."

"ఆ ఐస్‌క్రీములు పూర్తిచేసి, చేతులు కడుక్కుని రండి. ఆరొందల ఏళ్లు ఆగిన బొమ్మ, ఇంకో పావుగంట ఆగలేదా?"

లోపలికి తీసుకెళ్లాక మళ్లీ ఒక తంతు. దీపం వేసేది కాదు. వచ్చినవాళ్లని చీకట్లో నిలబెట్టి, తనూ నోరు మూసుకుని నిలబడేది. ఒక నిమిషం. కొందరు గొంతులు సవరించుకునేవాళ్లు, కొందరు చేతిసంచులు సర్దుకునేవాళ్లు. అందరూ కుదురుకున్నాక ఎడమ పక్క కిటికీ రెక్క కొద్దికొద్దిగా తీసేది. అప్పుడు గోడ మీద మరియమ్మ మొహం మెల్లగా తేలేది. వెడల్పాటి మొహం, నిద్ర చాలని కళ్లు. మా ఊళ్లో పొయ్యి దగ్గర కూర్చునే ఏ ఆడదాన్నో చూసి గీశాడు ఆ చిత్రకారుడెవరో, పేరు కూడా పెట్టుకోకుండా పోయాడు. ఒళ్లో బిడ్డ తల్లి వైపు కాకుండా మన వైపు చూస్తూ ఉంటాడు.

ఒకసారి మిలాన్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన లోపలికి అడుగుపెడుతూనే కెమెరా టపటపలాడించాడు. ఎర్సీలియా కిటికీ మూసేసింది. "ఇంటికెళ్లి ఫొటోలో చూసుకుంటావుగా నాయనా, ఇక్కడ ఎండ దండగ చెయ్యడమెందుకు?" అంది. ఆయన మునిసిపాలిటీకి ఫిర్యాదు రాశాడు. రాసుకోనీ. నన్నడిగితే, చూడటం ఎలాగో ఈ ఊళ్లో ఆవిడకొక్కదానికే తెలుసు.

బొమ్మలో ఒక లోపం ఉంది. మరియమ్మ రొమ్ము ఉండాల్సిన చోట, దాన్ని పట్టుకున్న బాలయేసు చెయ్యి ఉండాల్సిన చోట, పళ్లెమంత తెల్లటి గుంట. వచ్చినవాళ్లంతా అదేంటని అడిగేవాళ్లే. ఎర్సీలియా ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పేది: "యాభైమూడులో పైకప్పు పెంకులు మారుస్తుంటే మేస్త్రీ నిచ్చెన జారి తగిలింది." చెప్పేసి కిటికీ మూసేది. తాళంచెవి చేతికొచ్చిన దగ్గర్నుంచీ ముప్పైమూడేళ్ల పాటు అదే చెప్పింది.

అది అబద్ధం. ఆవిడకి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్లో బాలింతకి పాలు పడకపోతే డాక్టరు దగ్గరికి తర్వాత, మరియమ్మ దగ్గరికి ముందు. గోడ మీద ఆ తల్లి నీలంరంగు వస్త్రం అంచు కింద చిటికెడు సున్నం గీక్కుని, వేడి సూపులో కలుపుకుని తాగితే పాలు పడతాయని మా తాతల నాటి నమ్మకం. తాళంచెవి ఉన్నావిడ తలుపు తీసి, వీధి వైపు తిరిగి నిలబడాలి. చూడకూడదు, ఎవరొచ్చారో ఎవరికీ చెప్పకూడదు. అంచు కిందే గీకాలి, బొమ్మ జోలికి పోకూడదు. ఇవీ నియమాలు. ఫాదర్లు తిట్టారు, బిషప్పులు కాగితాలు పంపారు. ఆడవాళ్లు వింటేగా! ఆ అంచు కింద గోడంతా మశూచి మొహంలా గుంటలు పడి ఉంటుంది.

అప్పట్లో తాళంచెవి ఎర్సీలియా అత్త అదాల్జీసా దగ్గర ఉండేది. యాభైఒకటిలో ఎర్సీలియాకి తొలిచూలు ఆడపిల్ల. పాలు పడలేదు. అత్త తలుపు తీసి వీధి వైపు తిరిగింది. కోడలు నియమం ప్రకారం అంచు కింద గీక్కుని తాగింది. అయినా పడలేదు. మేకపాలు పట్టారు, ఇమడలేదు. ఇరవై మూడో రోజున పిల్ల పోయింది. రెండేళ్లకి మగపిల్లవాడు, ఫియొరెంజో. మళ్లీ అదే కథ. నాలుగో రోజుకి వాడి ఏడుపు సన్నబడింది. ఆ సన్నబడటం ఆవిడకి తెలుసు. ఒకసారి విని ఉంది.

"ఓర్చుకో, పడతాయి," అంది అత్త.

ఎలా ఓర్చుకుంటుంది? మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే, వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతున్న తాళంచెవి తీసుకుంది, సూపు చెంచా ఒకటి ఏప్రన్ జేబులో దోపుకుంది. పచ్చి బాలింత, గోడలు పట్టుకుంటూ చర్చికి వెళ్లింది. పైకప్పు పని జరుగుతోంది. పనివాళ్లు భోజనానికి దిగిపోయారు. నిచ్చెన అక్కడే ఉంది. అంచు కింద సున్నం అందరూ గీక్కుపోయిందే, అందులో బలమేముంది? పాలున్న చోటే పాలు ఉంటాయి, అనుకుంది ఆ పిచ్చితల్లి. నిచ్చెన ఈడ్చి, ఎక్కి, మరియమ్మ రొమ్ము మీద గీకింది. కొద్దిగా అనుకుంది. లోపల గోడ బోలుగా ఉన్నట్టుంది, పెళ్లలాగా ఊడివచ్చింది. బిడ్డ చెయ్యి కూడా దాంతోపాటే వచ్చేసింది. కింద రాలినదంతా ఏరి ఒళ్లో వేసుకుని ఇంటికి పరిగెత్తింది. రెండు రోజులు అది తాగింది. మూడో రోజు పాలు పడ్డాయి. మరియమ్మ ఇచ్చిందో, భయం తీరి వచ్చాయో నాకు తెలియదు. ఎర్సీలియాకీ తెలియదు.

గీకిన రోజు సాయంత్రమే అదాల్జీసా చర్చి తలుపు తీసి గుండెలు బాదుకుంది. గుంట పక్కనే నిచ్చెన. ఇక ఆలోచించడానికేముంది? మేస్త్రీ నజ్జరేనోకి అప్పుడు ముప్పై ఏళ్లు. పనిమంతుడని చుట్టుపక్కల పేరు, ఆర్నెల్ల కిందటే పెళ్లయింది. తన నిచ్చెన తగల్లేదని సిలువ మీద ఒట్టేశాడు. అప్పటి ఫాదరు ఆయన పనిముట్ల సంచి తీసి వీధిలో విసిరేశాడు. ఆ తర్వాత ఆయన్ని ఏ చర్చికీ, ఏ మేడకీ, ఏ సర్కారు పనికీ పిలవలేదు. పందుల దొడ్లూ, రొట్టెల పొయ్యిలూ, ద్రాక్షతోటల గోడలూ కట్టుకుంటూ బతికాడు. పేరేమో నిచ్చెన నజ్జరేనో అయి కూర్చుంది. మా ఊళ్లో పేరు పెట్టారంటే మూడు తరాలు వదలదు. ఆయన కూతురు బడికెళ్తే నిచ్చెన వాళ్ల పిల్ల అనే అన్నారు.

ఎర్సీలియా ఎందుకు చెప్పలేదు? మొదట పురిటి మంచం మీద ఉంది. తర్వాత అత్త భయం. అరవైఒకటిలో అత్త పోయి తాళంచెవి చేతికొచ్చింది, దాంతోపాటు గౌరవమూ వచ్చింది. "ఎర్సీలియా చేతిలో ఉన్నంత కాలం బొమ్మకి భయం లేదు" అనేవాళ్లు ఊరంతా. భర్త దుయీలియో ఇటుకల బట్టీలో పనిచేసి దగ్గుతో పోయాడు. మిగిలినవి కొడుకూ, తాళంచెవీ. ఆ రెంటినీ కాచుకుంది. ఏటా ఎండాకాలం చివర చేసిన అంజూరపు మురబ్బాలో మొదటి సీసా నజ్జరేనో భార్య యోలేకి పంపేది. ఖాళీ సీసా గుడ్లతో తిరిగొచ్చేది. ఆ గుడ్లు ఆవిడ గొంతు దిగేవి కావు, కొడుక్కి పెట్టేది.

తొంభైనాలుగు వసంతంలో బొమ్మ బాగుచెయ్యడానికి పెరూజియా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. లవీనియా. ముప్పై ఏళ్లుండవు, జుట్టంతా సున్నం దుమ్ము. పరంజా కట్టించుకుని రోజంతా గోడకి ముక్కు ఆనించి పడుకునేది. మొదటి వారం ఎర్సీలియా పిల్లిలా కాపలా కాసింది. కానీ మొదటి రోజే ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే చీకట్లో నిలబడి, కిటికీ తీసేదాకా ఊరుకుంది. అది చూసి రెండో వారం నుంచి కాఫీ తీసుకెళ్లడం మొదలుపెట్టింది.

మే నెలలో ఒక రోజు పై నుంచి కేక వచ్చింది.

"ఎర్సీలియాగారూ, ఒక్కసారి పైకి రండి! జాగ్రత్త, ఆ మెట్టు ఊగుతుంది."

ఎక్కింది. ఆ గుంటకి అంత దగ్గరగా వెళ్లడం ఆ మధ్యాహ్నం తర్వాత మళ్లీ అప్పుడే. లవీనియా దీపం పక్క నుంచి పట్టింది.

"ఇవి చూశారా? చిన్న చిన్న గీతలు, గోరుముద్రల్లాగా. అన్నీ పై నుంచి కిందికే. నిచ్చెన తగిలితే సున్నం నలుగుతుంది, పగులుతుంది, ఇలా గీరుకుపోదు. ఇది చెంచా పనండీ!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎర్సీలియా చేతులు ఏప్రన్ జేబులోకి పోయాయి.

"ఎలుకలేమో," అంది.

"చెంచా పట్టుకునే ఎలుకలా!" అని పకపకా నవ్వింది లవీనియా. తర్వాత నవ్వు తగ్గించుకుని, "పాపం ఆ మేస్త్రీ బతికే ఉన్నారటగా? మేయరుగారికి చెప్పానండీ. వచ్చే ఆదివారం మరియమ్మ పండక్కి చర్చి బయట రాతిపలక పెడుతున్నారు కదా. 1953లో మేస్త్రీ నజ్జరేనో నిర్లక్ష్యం వల్ల దెబ్బతిన్నదని దాని మీద చెక్కిస్తున్నారు. చెంచా ఎవరిదో చెప్పు, మారుస్తాను అన్నారాయన. పేరు లేకపోతే పాత దస్తావేజులో ఉన్నదే ఉంటుందట. నాకెలా తెలుస్తుంది పేరు?"

"నీకెలా తెలుస్తుంది," అంది ఎర్సీలియా. దిగేటప్పుడు మెట్టు తప్పబోయింది.

నోటి మాట అయితే ఎప్పటికైనా పోతుంది. రాయి మీద చెక్కితే పోదు. ఆయన పిల్లల పిల్లలు కూడా ఆ గుమ్మం ముందు నుంచే చౌకుకి వెళ్లాలి. ఇటు చూస్తే, చెప్పిన మరుక్షణం తాళంచెవి పోతుంది. బొమ్మ పాడుచేసినదాని చేతిలో బొమ్మ తాళంచెవి ఎవరుంచుతారు? అది పోతే ఆవిడకి పొద్దున్న లేవడానికి కారణమేముంది? రెండు రాత్రులు ఇదే ఆలోచన. మూడో రోజు కొడుకు ఫియొరెంజో వచ్చాడు. బడి బస్సు నడుపుతాడు, నలభై ఒకటి వచ్చాయి, బొజ్జ కూడా వచ్చింది. వాడి ముందు పళ్లెం పెట్టి, ఉన్నదంతా చెప్పేసింది.

వాడు రొట్టె నమలడం ఆపాడు.

"అంటే నేను మరియమ్మని తిని బతికానంటావ్!"

"నవ్వులాటగా ఉందిరా నీకు?"

"నవ్వడం లేదమ్మా." వాడు రొట్టె పళ్లెంలో పెట్టేశాడు. "ఎందుకిప్పుడు ఇది తవ్వుకోవడం? డెబ్భై దాటినాయన. ఇక ఎవరి మేడ కడతాడు, ఎవరి చర్చి కడతాడు? నువ్వు చేసింది నా కోసం. ఎవడేమంటాడు?"

"నీ కోసం చేసింది ఆ మధ్యాహ్నం గంటసేపు. మిగతా నలభై ఒక్క ఏళ్లూ నా కోసం చేశాను."

"చెప్తే ఊరు మొహం మీద ఉమ్ముతుంది."

"ఆయన మొహం మీద ఉమ్మింది కదరా! తుడుచుకుని తిరగలేదూ?"

వాడు పళ్లెం ఖాళీ చేసి, లేచి, ఎప్పుడూ లేనిది తల్లి నెత్తి మీద ముద్దుపెట్టి పోయాడు.

ఆదివారం ఏమైందో ఊరందరికీ తెలిసిందే. ఆ చెంచా తనదేనని ఎర్సీలియా మేయరు ముందు, ఊరందరి ముందు చెప్పేసింది. రాతిపలక పక్కన పెట్టి, కొత్తది చెక్కించారు. ఎవరో ఒక తల్లి తన బిడ్డ ఆకలి కోసం గీకింది అని కవిత్వంగా రాయిద్దామన్నాడు మేయరు. ఎర్సీలియా ఒప్పుకోలేదు. "ఎవరో కాదు. నా పేరు చెక్కించు. ఆయన పేరు చెక్కడానికి తయారైన ఉలి నా పేరుకి మొద్దుబారిందా?" అంది. తాళంచెవి మునిసిపాలిటీ తీసుకుంది. ఇప్పుడు తలుపు తీయగానే దీపాలు వాటంతటవే వెలుగుతాయి. ఐస్‌క్రీము చేత్తోనే లోపలికి పోవచ్చు, అడిగేవాళ్లు లేరు. జనం రెండు నిమిషాలు చూసి బయటికొస్తారు. ఏం చూస్తారో వాళ్లకే తెలియాలి.

ఊరికి తెలియనిది అంతకు ముందు రోజు, శనివారం పొద్దున్న జరిగింది. నాకు ఎర్సీలియాయే చెప్పింది.

నజ్జరేనో పెరట్లో చిక్కుడు తీగలకి కర్రలు పాతుతున్నాడు. ఆవిడ కంచె బయటే నిలబడి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా చెప్పింది. "అన్నా, ఆ గుంట నీ నిచ్చెన వల్ల పడింది కాదు. నేను నీ నిచ్చెన ఎక్కి, చెంచాతో గీకాను. పిల్లాడికి పాల కోసం. నీ మీదికి పోయిందని తెలిసీ నోరు మూసుకున్నాను."

ఆయన చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. చాలాసేపు ఆయన వినలేదేమో అనుకుంది ఎర్సీలియా. ఆ తర్వాత ఆ కర్ర విసిరికొట్టాడు. ఆవిడ మీదికి కాదు, తీగల మీదికి. పాతినవి కూడా పీకాడు.

"నలభై ఏళ్లు! ఇదే వీధిలో! మురబ్బా పంపేదానివి కాదుటే! సిగ్గులేని ముండా, ఆ మురబ్బా నేను రొట్టె మీద రాసుకుని తిన్నానే!"

"తిట్టు అన్నా. తిట్టించుకోడానికే వచ్చాను."

"నువ్వు తిట్టించుకుని తేలికపడి ఇంటికి పోడానికి కాదు నేనున్నది!" ఆయన కంచె పట్టుకుని రొప్పాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది ఆవిడకి.

"ఊరన్నందుకు నేను ఏడవలేదు, ఎర్సీలియా. ఊరికి ఎప్పుడూ ఎవడో ఒకడు కావాలి. పనులు పోయాయి, పోనీ, పందుల దొడ్డి కూడా గోడే కదా, నిటారుగానే కట్టాను. కానీ నా పెళ్లాం నన్ను క్షమించింది. తెలుసా నీకు ఆ సంగతి? నిచ్చెన తగల్లేదే అని చెప్తే, పోనీలే, కావాలని చేశావా ఏంటి అనేది. మళ్లీ చెప్తే, నేనేమన్నా అన్నానా అనేది. ఎంత మంచిదో చూడు! ఒక్క మాట తప్పుగా అనలేదు. ఒక్క రోజు నమ్మలేదు. చివరికి నాకే అనుమానమొచ్చింది. పని మానుకుని కూర్చుని ఆలోచించేవాణ్ని, ఆ రోజు నిచ్చెన ఎక్కడ పెట్టాను, సరిగ్గా ఆనించానా అని. ముప్పై ఏళ్ల నుంచీ నేనే చేశాననుకుంటున్నాను."

ఎర్సీలియా తను చేసిన అన్యాయం కొలత ఇంతని ఇన్నాళ్లూ ఏదో అనుకుంటూ వచ్చింది: పోయిన పనులు, పడిన పేరు, పిల్లకి తగిలిన మాటలు. ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఏం జరుగుతోందో ఆవిడ ఒక్కసారి కూడా ఊహించలేదు.

"రా," అన్నాడు ఆయన. "నాకు చెప్పడం కాదు. లోపలికొచ్చి యోలేకి చెప్పు."

యోలేకి మూడేళ్లుగా కాళ్లు స్వాధీనంలో లేవు. వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎర్సీలియాని చూసి మొహం విప్పారింది.

"వచ్చావుటే! కూర్చో, కాఫీ పెడతాడాయన. రేపటి పండక్కి ఏం వేసుకుంటున్నావ్?"

"కూర్చోను వదినా," అని నిలబడే చెప్పింది ఎర్సీలియా. పెరట్లో చెప్పినంత క్లుప్తంగా చెప్పలేకపోయింది. పోయిన ఆడపిల్ల గురించి చెప్పింది, సన్నబడ్డ ఏడుపు గురించి చెప్పింది, నిచ్చెన ఈడ్చిన చోటు చెప్పింది. యోలే గింజలు ఒలుస్తూనే వింది. అయిపోయాక అడిగింది:

"ఏ చెంచా?"

"ఏంటి వదినా?"

"గరిటెనా, చెంచానా?"

"సూపు చెంచా."

"సూపు చెంచా," అంది యోలే. అప్పటికి ఆమె వేళ్లు ఆగాయి. తల తిప్పి, గుమ్మంలో మట్టికాళ్లతో నిలబడ్డ భర్త వైపు చూసింది. పెళ్లయిన కొత్తలో చూసినట్టు, ఎవరీయన అన్నట్టు చూసింది.

"ప్రతి ఈస్టరుకీ ఈయన కోసం కొవ్వొత్తి వెలిగించాను. ఈయన పాపం పోవాలని. మొగుణ్ని ఊరంతా ఆడిపోసుకుంటుంటే పల్లెత్తు మాట అనని పెళ్లాన్నని ఎంత మురిసిపోయాననుకున్నావ్! ఫాదరు కూడా మెచ్చుకున్నాడు నన్ను." ఆమె ఎర్సీలియాతో మాట్లాడుతోంది, చూపు మాత్రం ఆయన మీదే ఉంది. "నువ్వు చేసిందానికి నీకో బిడ్డ ఉన్నాడే. బిడ్డ చస్తాడని చేశావ్. నాకేం వచ్చింది? ఎవరు చస్తారని? తగల్లేదే యోలే, అని ఈ మనిషి నా మొహంలోకి చూసి చెప్పాడు. ఒక్కసారి నమ్మితే సరిపోయేది. ఒట్టి క్షమించడమే చేశాను నేను. ఇప్పుడు నన్నెవరు క్షమిస్తారు?"

ఎప్పుడో ఎదురుచూడటం మానేసిన రోజు వచ్చి ఎదురుగా నిలబడితే ఏం చెయ్యాలో ముసలి నజ్జరేనోకి తెలియలేదు. మెల్లగా వచ్చి, బల్ల అవతల కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గిన్నె తన వైపు కొంచెం జరుపుకుని, కాయలు ఒలవడం మొదలుపెట్టాడు. కాసేపటికి యోలే కూడా మళ్లీ ఒక కాయ తీసుకుంది. ఎంత గిల్లినా అది చీలడం లేదు. ఆయన ఆమె చేతిలోంచి తీసుకుని, ఒలిచి, గింజలు గిన్నెలో వేశాడు.

కూర్చోమని ఎర్సీలియాని మళ్లీ ఎవరూ అనలేదు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు. ఆవిడ అలాగే నిలబడి ఉంది.